ఇంటి తెర ఇంటివాళ్ల చేతిలో

ఈ అధ్యాయం ముందుకు చదివేలోపు ఒక పని చేయండి. అటక మీదో, బీరువా పై అరలోనో ఉన్న పాత సంచీని కిందికి దించండి. చాలా తెలుగిళ్లలో అలాంటి సంచీ ఒకటుంటుంది. పెళ్లి క్యాసెట్, అన్నప్రాశన సీడీలు, అమ్మాయి ఓణీల ఫంక్షన్ డీవీడీ, అమెరికా నుంచి ఎవరో తెచ్చిన హ్యాండీక్యామ్ టేపులు, పాత ఫోన్‌లోంచి తీసిన మెమరీ కార్డు. అన్నిటినీ నేల మీద పరిచి, ఒక్కొక్కదానికి రెండు సంగతులు కాగితం మీద రాయండి: ఇందులో ఏముంది, దీన్ని చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారు. రెండో గడి చాలావాటికి ఖాళీగానే మిగులుతుంది. చూడాలని లేక కాదు. వీసీఆర్ లేదు, సీడీ ప్లేయర్ పాడైంది, కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు.

అదే ఇంటి హాల్లో గోడకు పెద్ద టీవీ ఉంటుంది. ఆన్ చేయగానే ఎవరో అమ్మదలచుకున్న సినిమాల పోస్టర్లు వరసగా వస్తాయి. వాటి మధ్య మీ ఇంటి పెళ్లి ఎంత వెతికినా దొరకదు. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తెర మీద ఏముండాలో ఇంట్లోవాళ్లే నిర్ణయించుకోవాలన్నది ఈ అధ్యాయం చెప్పే మాట. దానికి కావలసినవి ఒక పాత ఆఫీసు కంప్యూటర్, డబ్బు కట్టక్కర్లేని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, రెండు మూడు ఆదివారాల ఓపిక. పని పూర్తయిందని ఎలా తెలుస్తుందంటే, ఇంట్లో అందరికన్నా పెద్దావిడ రిమోట్ చేతికి తీసుకుని, ఎవరినీ పిలవకుండా, తన కూతురి పెళ్లి తానే పెట్టుకుని చూడగలగాలి. కింద చెప్పే ప్రతి సలహానూ ఆ పరీక్షకు నిలబెట్టే చూడండి.

పాత కంప్యూటర్ ఎందుకు చాలుతుంది

జంటనగరాల్లోని లాలాగూడ వాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడి క్యారేజ్ వర్క్‌షాప్ 1893లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో పుట్టింది. ఏళ్ల తరబడి తిరిగిన రైలు పెట్టె ఓవర్‌హాలింగ్‌కు వస్తే దాన్ని అవతల పారేయరు. పైకెత్తి, చక్రాలు వేరు చేసి, అరిగినవి మార్చి, పనికొచ్చేవి శుభ్రం చేసి, పరీక్షించి మళ్లీ పట్టాల మీదికి పంపుతారు. ఆఫీసులు వదిలేసిన కంప్యూటర్‌ను కూడా మనం అలాగే చూడాలి. మార్చాల్సింది మహా అయితే హార్డ్ డిస్కు, ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్ము, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు. మిగతాదంతా గట్టిగానే ఉంటుంది.

ఇప్పుడు ఇలాంటివి విరివిగా దొరకడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 మద్దతు జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. దాంతో ఆరో తరం, ఏడో తరం కంప్యూటర్లు కార్యాలయాల నుంచి బయటికొస్తున్నాయి. వాటికి జబ్బేమీ లేదు, విండోస్ బదులు వేసుకునే లైనక్స్ వాటి మీద హాయిగా నడుస్తుంది.

కొనడానికి దూరం పోనక్కర్లేదు. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ప్యారడైజ్, తార్నాకలో ఎక్కితే నాలుగోది. అక్కడి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం సీటీసీ అనే భవనం, జంటనగరాల కంప్యూటర్ బజారు. పుస్తకమంత ఉండే చిన్న పెట్టెలు అడగండి: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. పెద్ద క్యాబినెట్ కొంటే టీవీ కింద పట్టదు, ఫ్యాన్ చప్పుడు ఎక్కువ, కరెంటూ ఎక్కువే.

షాపువాడు ‘ఐ5 సార్, ఐ5’ అంటే అక్కడితో ఆగకండి. ఐ5 అనేది పదిహేనేళ్లకు పైగా ఉన్న పేరు. దాని తర్వాత వచ్చే అంకె చూడాలి. 6500టీ అంటే ఆరో తరం, 7500టీ అంటే ఏడో తరం. ఈ ఒక్క అంకె తేడాతో సినిమా సాఫీగా ఆడడమా, ఆగి ఆగి ఆడడమా అన్నది తేలుతుంది. వీడియో ఫైలు అంటే నొక్కిపెట్టిన బొమ్మల మూట. దాన్ని విప్పే పని ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం చేస్తే యంత్రం చల్లగా ఉంటుంది. దానికి ఆ మూట కట్టిన పద్ధతి తెలియకపోతే ఆ బరువంతా మామూలు ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్ గోల పెడుతుంది, బొమ్మ తడబడుతుంది. ఎక్కువ వీడియోలు వాడే హెచ్.264 పద్ధతి ఈ పెట్టెలన్నిటికీ తెలుసు. ఫోన్లు తీసే హెచ్‌ఈవీసీ మామూలు రకం ఆరో తరం నుంచి, పది బిట్ల రకం ఏడో తరం నుంచి తెలుసు. కాబట్టి ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఏడో తరమే తీసుకోండి. మీది 4కే టీవీ అయి, దాని నాణ్యత మొత్తం కావాలంటే మాత్రం పాత పెట్టెల జోలికి పోకండి. వాటి హెచ్‌డీఎంఐ 4కేని సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న కొత్త మినీ పెట్టె ఆ పని చేస్తుంది, ఏవీ1 అనే కొత్త పద్ధతినీ విప్పుతుంది.

ర్యామ్ 8 జీబీ చాలు. సిస్టమ్ కోసం 128 జీబీ ఎస్‌ఎస్‌డీ, వీడియోల కోసం విడిగా ఒక పెద్ద హార్డ్ డిస్కు. బేరం కుదరకముందే పెట్టె వెనక్కి తిప్పి చూడండి. చాలా ఆఫీసు పెట్టెలకు హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. అప్పుడు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కూడా అదే షాపులో తీసుకోండి. మీరే ఇంటి దగ్గర పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ వేసుకుని పట్టుకెళ్లి, షాపులోనే దాంతో ఆన్ చేయించి, పాట ఒకటి ఆడించి చూడండి. బిల్లు, వారంటీ కాగితం లేకుండా పెట్టె తీసుకోకండి.

కోడీ, దాని కింద లిబ్రెలెక్

తెర మీద పోస్టర్లు చూపించి, నాలుగు బాణాలు, ఒక ఓకే బటన్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు కోడీ. 2002లో మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రంలో వీడియోలు ఆడించడానికి అభిరుచి ఉన్న కొందరు ప్రోగ్రామర్లు రాసుకున్నదాంట్లో దీని మూలం ఉంది. 2014లో ఎక్స్‌బీఎంసీ అన్న పాత పేరు వదిలి కోడీ అయింది. మొదటి నుంచీ టీవీకి దూరంగా కూర్చుని చూసేవాళ్ల కోసం చేసినది కాబట్టి అక్షరాలు పెద్దవి, మౌస్ అవసరం లేదు.

కోడీని రెండు విధాలుగా పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌ను టీవీకే అంకితం చేస్తే లిబ్రెలెక్ వేయండి. ఆన్ చేస్తే సూటిగా కోడీలోకే వెళ్లేంత చిన్న లైనక్స్ ఇది. దాని సిస్టమ్ భాగం చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, అందులో ఏదీ రాయడం కుదరదు. నడి సినిమాలో కరెంటు పోయినా సిస్టమ్ చెడిపోయే ప్రమాదం బాగా తక్కువ. వేసవి సాయంత్రం గాలివాన వస్తే ఏమవుతుందో తెలిసిన ఊళ్లో ఇది పెద్ద సుగుణం. పిల్లల చదువుకో, బ్రౌజర్‌కో కూడా అదే పెట్టె కావాలంటే లైనక్స్ మింట్ వేసి దాని మీద కోడీ పెట్టుకోండి. పని ఎక్కువ, సౌలభ్యమూ ఎక్కువ. నా సలహా అడిగితే మొదటిదే. ఒక యంత్రానికి ఒకటే పని ఉంటే ఇంట్లో పెద్దవాళ్లకు దాని మీద నమ్మకం కుదురుతుంది.

వేసే విధానం: వేరే కంప్యూటర్‌లో లిబ్రెలెక్ వాళ్ల యూఎస్‌బీ క్రియేటర్‌తో ‘జెనెరిక్’ రకం ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. దాన్ని పెట్టెకు గుచ్చి, డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కుతూ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. మొదలుకాకపోతే, పెట్టె మూల సెట్టింగులుండే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయండి. ఇన్‌స్టాల్ అనగానే ఎంచుకున్న డిస్కు మొత్తం చెరిగిపోతుంది. అందుకే ఆ సమయంలో వీడియోల హార్డ్ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి. బయోస్‌లో ఉండగానే ఇంకో పని: కరెంటు తిరిగొచ్చినప్పుడు పెట్టె తనంతట తాను ఆన్ అయ్యేలా ‘ఏసీ రికవరీ’ లేదా ‘ఆఫ్టర్ పవర్ లాస్’ అన్న చోట ‘పవర్ ఆన్’ పెట్టండి. తర్వాత లిబ్రెలెక్ సెట్టింగుల్లో సాంబా ఆన్ చేస్తే ఇంట్లో ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీదే ఫైళ్లు పంపొచ్చు. వేరే కంప్యూటర్ నుంచి ఆదేశాలివ్వడానికి ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఆన్ చేస్తే దానికి లోకమంతటికీ తెలిసిన పాస్‌వర్డ్ ఉంటుంది, వెంటనే మార్చేయండి.

ఉస్మానియా హాస్టళ్లలో ఉండి ఈ పుస్తకం చదివేవాళ్లకు ఒక మాట. వీడియోలు ఆడించడానికి మీరంతా వాడే వీఎల్‌సీ పుట్టింది ఒక క్యాంపస్ హాస్టల్ అవసరంలోంచే. పారిస్ దగ్గరి ఎకోల్ సెంట్రాల్ విద్యార్థులకు తమ హాస్టళ్ల నెట్‌వర్క్ వేగం చాలలేదు. కొత్త నెట్‌వర్క్‌కు డబ్బు కావాలంటే దాంతో ఏదైనా ఘనమైన పని చేసి చూపించాలి. ఉపగ్రహం నుంచి వచ్చే టీవీని క్యాంపస్‌లోని కంప్యూటర్లన్నిటికీ పంపుతామన్నారు. 1996లో అలా మొదలైన పని 2001లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ప్రపంచానికి వచ్చింది. మన నగరంలోనూ స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ తెలుగులో కనిపించే లైనక్స్ తయారుచేసింది, ఇంజనీరింగ్ విద్యార్థులకు శిబిరాలు నడిపింది. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఈ పెట్టె అమర్చిపెట్టండి. ఫైల్ సిస్టమ్, నెట్‌వర్కింగ్, కోడెక్‌లు ఏమిటో పరీక్ష కోసం చదివినదానికన్నా గట్టిగా తెలుస్తాయి.

సంచీలోని వాటిని దించడం

అసలు పని ఇది. తొందరపడకండి. సినిమాలు ఎప్పుడైనా దొరుకుతాయి, ఇవి దొరకవు. కాబట్టి ముందు వీటితోనే మొదలుపెట్టండి, అందులోనూ పాడయ్యేవాటితో.

ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన సీడీలు, డీవీడీలు ముందు వరసలో ఉంటాయి. వాటి మీది రంగు పొర వేడికి, వెలుతురుకు ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది. డిస్కును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సూది బెజ్జాల్లా కనబడితే ఈరోజే కాపీ చేయండి. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. డీవీడీ అయితే యూఎస్‌బీ డ్రైవ్ పెట్టి, లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. మామూలు కాపీ చెడిన చోట ఆగిపోయి చేతులెత్తేస్తుంది. డీడీరెస్క్యూ ముందు బాగున్నదంతా తీసుకుంటుంది, చెడిన చోట్లను ఒక ఫైల్లో గుర్తు పెట్టుకుని తర్వాత మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవ్‌లో రానిది మరో డ్రైవ్‌లో రావచ్చు. అదే ఫైలుతో మరో డ్రైవ్‌లో కొనసాగించండి.

వీసీడీ సంగతి వేరు. 1990ల చివరి నుంచి 2000ల నడుమ వరకూ మన పెళ్లిళ్లు చాలావాటికి ఇదే రూపం. సీడీ ప్లేయర్లో పెడితే ఆడేది, లైనక్స్‌లో ఫైలు కాపీ చేస్తే తప్పు చూపిస్తుంది. డిస్కు పాడైందనుకుని పారేసేవాళ్లున్నారు. అది పాడవలేదు. ఎక్కువ వీడియో పట్టించడానికి వీసీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్ల చోట 2324 బైట్లు నింపారు. తప్పులు సరిదిద్దే భాగాన్ని అందుకోసం వదులుకున్నారు. మామూలు కాపీ పద్ధతికి ఆ అమరిక అర్థం కాదు. డెబియన్, మింట్‌లలో వీసీడీఇమేజర్ అన్న ప్యాకేజీ వేసుకుంటే దాంట్లో వీసీడీఎక్స్‌రిప్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది ఎంపెగ్ ఫైళ్లుగా చక్కగా తీసిస్తుంది. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. పెద్ద టీవీ మీద అలుక్కుపోయినట్టే ఉంటుంది. బాగుచేస్తామని చెప్పే ప్రోగ్రాములతో ముఖాలకు లేని గీతలు తెప్పించకండి. ఉన్నది ఉన్నట్టుగా దాచండి.

హ్యాండీక్యామ్ మినీడీవీ టేపులకు క్యామెరా పనిచేస్తూ ఉండాలి, దానికి ఫైర్‌వైర్ కేబుల్, కంప్యూటర్‌కు ఫైర్‌వైర్ కార్డు కావాలి. చిన్న పెట్టెల్లో ఆ కార్డు పట్టదు, తెలిసినవాళ్ల పాత డెస్క్‌టాప్ అడగండి. డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాం టేపులో ఉన్న అంకెలను ఒక్కటి కూడా మార్చకుండా దించుతుంది. గంటకు 13 జీబీ వస్తుంది. ఎక్కువే, అయినా కుదించకండి.

వీహెచ్‌ఎస్ క్యాసెట్ అయితే స్టూడియోవాళ్లకు ఇవ్వడమే మేలు. లోకంలో చివరిదాకా వీసీఆర్‌లు చేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే. క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచున తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. ఏ వీసీఆర్‌లోనూ పెట్టకుండా, బూజు శుభ్రం చేయడం వచ్చినవాళ్లకే ఇవ్వండి. స్టూడియోవాళ్లను అడగాల్సింది ఒక్కటే: తీసిన ఫైలును కుదించకుండా హార్డ్ డిస్కులో వేసివ్వాలి, వాట్సాప్‌లో పంపకూడదు.

కదిలేవాళ్ల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే కంగారు వద్దు. పాత టీవీ పద్ధతిలో ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో, సెకనుకు 50 విడతలు తీసేవారు. వీడియో ఆడుతుండగా కోడీ వీడియో సెట్టింగుల్లో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే గీతలు పోతాయి. ఫైలును అందుకోసం మార్చనక్కర్లేదు. మరొకటి, ఇవన్నీ 4:3 చట్రంలో తీసినవి. టీవీ వాటిని సాగదీస్తే పెళ్లికూతురు బొద్దుగా కనిపిస్తుంది. టీవీ పిక్చర్ సైజును ‘జస్ట్ స్కాన్’కో, దానికి సమానమైనదానికో మార్చి, కోడీలో వ్యూ మోడ్ ‘నార్మల్’లో ఉంచండి. పక్కన నల్లపట్టీలు ఉండనివ్వండి.

పేర్లు, పోస్టర్లు

ప్రతి వీడియోకూ సొంత ఫోల్డర్ ఉండాలి, పేరులో సంవత్సరం ఉండాలి. సినిమాల విషయంలో ఇది మరీ ముఖ్యం. కోడీ ఫైలు పేరునో, ఫోల్డర్ పేరునో చూసి ఇంటర్నెట్ నుంచి పోస్టరు, నటుల పేర్లు తెస్తుంది. ‘మల్లీశ్వరి’ అని మాత్రమే రాస్తే 1951 నాటి భానుమతి సినిమానో, 2004 నాటి వెంకటేశ్ సినిమానో దానికెలా తెలుస్తుంది? ‘దేవదాసు’కైతే 1953, 1974, 2006 మూడూ ఉన్నాయి. బ్రాకెట్లో సంవత్సరం రాస్తే గొడవే లేదు. సీరియళ్లకు సీజన్, ఎపిసోడ్ సంఖ్యలు రాయాలి.

మీ ఇంటి వీడియోల ఫోల్డర్‌ను కలిపేటప్పుడు మాత్రం సమాచారం ఎక్కడినుంచి తేవాలన్న చోట ‘లోకల్ ఇన్ఫర్మేషన్ ఓన్లీ’ ఎంచుకోండి. లేకపోతే మీ అన్నయ్య పెళ్లికి ఏదో పరాయి సినిమా పోస్టరు తగిలిస్తుంది. అప్పుడు ప్రతి ఫోల్డర్‌లో పేరు, సంవత్సరం, నాలుగు వాక్యాల వివరం ఉన్న ఎన్‌ఎఫ్‌ఓ ఫైలు, పోస్టర్ అనే పేరుతో ఒక బొమ్మ పెట్టాలి. ఎన్‌ఎఫ్‌ఓ అంటే భయపడక్కర్లేదు, నోట్‌ప్యాడ్‌లో రాసే మామూలు అక్షరాలే. ఆ వివరంలో పెళ్లి ఎక్కడ జరిగింది, పందిట్లో కుడివైపు నిల్చున్నది ఎవరు, సన్నాయి ఎవరిది అన్నవన్నీ రాయండి. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వీడియో ఆపుకుంటూ అడిగి రాయాలి. పేర్లు చెప్పగలిగేవాళ్లు ఉండగానే చేయాల్సిన పని ఇది. ఈ పుస్తకంలో మీకు పెట్టిన అభ్యాసాలన్నిటిలో దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

పోస్టరు బొమ్మను గింప్‌లో చేసుకోవచ్చు. పెళ్లి ఫోటో మీద పేరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి. రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా వాడుకునే లైసెన్సుతోనే ఉన్నాయి. ఇంగ్లిష్ చదవలేని పెద్దావిడ ఆ పోస్టరు చూసే ఓకే నొక్కుతుంది. తెలుగు సబ్‌టైటిళ్ల చోట గళ్లు కనిపిస్తే, కోడీ ఫోల్డర్‌లో మీడియా, దాని లోపల ఫాంట్స్ అన్న చోట ఇదే ఫాంటు వేసి, సబ్‌టైటిల్ సెట్టింగుల్లో ఎంచుకోండి.

వినబడాలి, తడబడకూడదు

‘బొమ్మ బాగానే ఉంది, మాటలే వినబడట్లేదు’ అని పెద్దవాళ్లంటే చెవులను అనకండి. కొత్త సినిమాల శబ్దం ఆరు స్పీకర్ల కోసం చేసింది. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు వెళతాయి. మీ టీవీకి ఉన్నవి రెండే. ఆరింటిని రెండింట్లోకి కలిపేటప్పుడు మాటలు సంగీతం కింద పడి నలుగుతాయి. సిస్టమ్ ఆడియో సెట్టింగుల్లో ఛానెళ్లను 2.0గా పెట్టండి. సినిమా ఆడుతుండగా ఆడియో సెట్టింగుల్లో మధ్య ఛానెల్‌ను పెంచే అవకాశం ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెం పైకి జరిపి పెద్దవాళ్లనే అడగండి. సౌండ్‌బార్ కొనే ముందు ఇది చేసి చూడండి, చాలా ఇళ్లలో దీంతోనే సరిపోతుంది. ఏవీ రిసీవర్, ఐదారు స్పీకర్లు ఉన్నవాళ్లు దీనికి బదులు పాస్‌త్రూ ఆన్ చేసి, హెచ్‌డీఎంఐని రిసీవర్ ద్వారా టీవీకి తీసుకెళ్లండి.

సినిమా సెకనుకు 24 బొమ్మలు, మన పెళ్లి వీడియో 25. టీవీ మామూలుగా 60 సార్లు తెర మారుస్తుంది. 60ని 24 గానీ 25 గానీ సమంగా భాగించదు కాబట్టి క్యామెరా మెల్లగా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ సన్నగా కుదుపుతుంది. కోడీ సెట్టింగుల స్థాయిని ‘ఎక్స్‌పర్ట్’కు మార్చి, ప్లేయర్, వీడియోస్‌లో ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ను ‘ఆన్ స్టార్ట్/స్టాప్’ చేయండి. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అంతే.

రిమోట్, కరెంటు, వేడి

టీవీ రిమోట్‌తోనే కోడీ నడవాలంటే హెచ్‌డీఎంఐ సీఈసీ కావాలి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు అది ఉంటుంది. ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి ఉండదు. యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ కొనవచ్చు, లేదా యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే చిన్న రిమోట్ తీసుకోవచ్చు. పెద్దవాళ్లకు బటన్లు తక్కువున్నదే ఇవ్వండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కోరే అనే యాప్ వేసుకుంటే అదీ రిమోటే. కోడీ మొదటి తెరలో వాతావరణం, రేడియో, ఆటలు అన్నీ ఉంటాయి. స్కిన్ సెట్టింగుల్లోకి వెళ్లి అక్కర్లేనివి దాచేయండి. ‘మన ఇల్లు’, ‘సినిమాలు’ రెండే మిగిలితే మంచిది.

చిన్న పెట్టె 10 వాట్ల దగ్గర నడిస్తే రోజంతా ఆన్‌లో ఉంచినా నెలకు 7 యూనిట్ల చిల్లర. 50 వాట్లు తాగే పాత క్యాబినెట్ అలాగే ఉంచితే 36 యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. ఏదైనా సరే, చూడనప్పుడు సస్పెండ్ చేయడం అలవాటు చేసుకోండి. తలుపులున్న టీవీ స్టాండు లోపల పెట్టె పెట్టకండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మూసిన అర లోపల హార్డ్ డిస్కు త్వరగా అలసిపోతుంది.

ఇందులో ఏం వేయకూడదు

అమెజాన్, నెట్‌ఫ్లిక్స్, ఆహా లాంటివాటిని ఈ పెట్టెలోకి లాగాలని చూడకండి. వాటి తాళాల పద్ధతి వల్ల లైనక్స్‌లో పూర్తి నాణ్యత రాదు. వాటికి టీవీలోని యాప్‌లు ఉన్నాయి, అక్కడే చూడండి. దొంగ సినిమాలు తెచ్చే యాడ్ఆన్‌ల జోలికి అసలే పోకండి. కోడీ తయారుచేసేవాళ్లే వాటితో తమకు సంబంధం లేదని పదే పదే చెప్పారు. సినిమా పరిశ్రమ మీద బతికే కుటుంబాలు మన నగరంలోనే వేలల్లో ఉన్నాయి. పైగా అలాంటి యాడ్ఆన్‌ల వెంట మీ నెట్‌వర్క్‌లోకి ఏం వస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. రామంతాపూర్ నుంచి వచ్చే దూరదర్శన్ యాదగిరి కావాలనుకుంటే డీడీ ఫ్రీ డిష్ యాంటెన్నా, ఒక డీవీబీ ఎస్2 ట్యూనర్, లిబ్రెలెక్‌లోనే దొరికే టీవీహెడెండ్ చాలు. నచ్చిన కార్యక్రమాన్ని ఇంట్లో చూసుకోవడానికి రికార్డు కూడా చేసుకోవచ్చు.

చివరగా కాపీల సంగతి. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో చేరిన రోజున ప్రమాదం పెరిగిందని గుర్తుంచుకోండి. అంతకుముందు ఒక సీడీ పోతే ఒక వేడుకే పోయేది, ఇప్పుడు డిస్కు పోతే అన్నీ పోతాయి. ఇంటి వీడియోల మొత్తానికి మరో డిస్కులో రెండో కాపీ తీసి, అదే ఇంట్లో కాకుండా ఉప్పల్‌లో ఉండే చెల్లెలి ఇంట్లోనో, ఊళ్లో బాబాయి దగ్గరో పెట్టండి. సంక్రాంతికి కలిసినప్పుడు రెండు డిస్కులనూ ల్యాప్‌టాప్‌కు తగిలించి, డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్ పరీక్షలో రీఅలోకేటెడ్ సెక్టార్ల సంఖ్య పెరుగుతోందేమో చూసి, కొత్త వీడియోలు కలపండి. ఆ సంఖ్య పెరుగుతుంటే మరుసటి సంక్రాంతి దాకా ఆగకుండా డిస్కు మార్చేయండి. లిబ్రెలెక్ పాస్‌వర్డ్, ఏ ఫోల్డర్‌లో ఏముందో, ఏ డిస్కు ఎవరి దగ్గరుందో కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు ఉండే ఫైల్లో పెట్టండి. ఈ పెట్టె అమర్చిన మనిషి ఊళ్లో లేనప్పుడు ఇంకొకరు దాన్ని తెరిచి బాగుచేసుకోవడానికి ఆ కాగితం కావాలి.